మారేడుమిల్లి బురదలోంచి వచ్చిన వీ-క్రాస్‌కి ముందు ఏం చేయాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 2017 ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 92 వేల కిలోమీటర్లు తిరిగిన సెకండ్ హ్యాండ్ బండి. అక్టోబరులో వానలు కాస్త తగ్గాక మారేడుమిల్లి, గుడిస వైపు మూడు రోజులు తిప్పారు, రెండు వాగులు దాటారు, ఒకచోట ఇరుసు దాకా బురదలో కూరుకుపోతే వెనక వచ్చే బండితో లాగించారు. ఇంటికొచ్చాక 60 దాటితే వెనక నుంచి సన్నగా ఏడుపు లాంటి శబ్దం, 80 దగ్గర స్టీరింగ్ వణుకు, హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. చేతిలో లక్షన్నర ఉంది, లిఫ్ట్ కిట్, మడ్ టైర్లు, వించ్ (మోటారుతో తాడు చుట్టి బండిని లాగేది), స్నార్కెల్ (ఇంజిన్‌కి పై నుంచి గాలి అందించే గొట్టం), లైట్ బార్‌లలో ముందు ఏది వేయించమంటావన్నా అని అడిగావు.

ముందు వీటిలో ఏదీ వద్దు. ఆ ఏడుపు ఎక్కడిదో తేలేదాకా కొత్త సామానుకి ఒక్క రూపాయి కూడా పెట్టకు.

నేను పద్నాలుగేళ్లుగా చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు వైపు కాఫీ, మిరియాల లోడ్లకి ఫోర్ బై ఫోర్ పికప్‌లు తిప్పుతున్నాను. మొదట బొలెరో క్యాంపర్ ఉండేది, 2018 నుంచి నీలాంటి వీ-క్రాసే. 2019 ఆగస్టులో కాఫీ మొక్కలు తీసుకెళ్తూ సీటు అంచు దాకా నీళ్లున్న వాగు దాటాను. బండి ఆగలేదు, ఎక్కడా శబ్దం లేదు, ఇంటికొచ్చి పైపైన కడిగేసి మర్నాటి నుంచి మామూలుగానే తిప్పాను. మూడు వారాలకి వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా) నుంచి నువ్వు చెప్పిన ఏడుపే మొదలైంది. విప్పితే ఆయిలు మజ్జిగలా ఉంది, బేరింగులు తుప్పుపట్టి గరుకు తేలాయి, లోపలి క్రౌన్ పినియన్ గేర్ల పళ్ల మీద చిన్న చిన్న గుంటలు. వాగు దాటిన రోజే రెండు మూడు లీటర్ల ఆయిలు మార్చి ఉంటే సరిపోయేది, దానికి బదులు దాదాపు 60 వేలు అయింది, రెండు వారాలు బండి లేక లోడ్లు వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. అందుకే నీ ఉత్తరంలో మిగతా అన్నిటికంటే ఆ ఒక్క లైను చూసి నాకు టెన్షన్ వచ్చింది.

నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. గంటసేపు ఎక్కుడు ఎక్కి వచ్చిన డిఫరెన్షియల్ హౌసింగ్ బాగా వేడిగా ఉంటుంది. అది ఒక్కసారిగా చల్లటి వాగులో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీ నింపుకోవడానికి పైన గాలి ఆడటానికి ఉండే బ్రీథర్ లోంచో, అరిగిన సీలు అంచు లోంచో నీళ్లని పీల్చుకుంటుంది. అందుకే వాగు దగ్గరికి రాగానే దిగిపోకుండా పది పదిహేను నిమిషాలు ఆపి చల్లారనివ్వాలి. ఆ టైములో ఒకరు కర్ర పట్టుకుని నడిచి లోతు చూసుకోవచ్చు కూడా. బ్రీథర్ బురదతో పూడుకుపోయినా ప్రమాదమే, లోపల వేడికి ఒత్తిడి పెరిగి ఆయిలు సీళ్ల లోంచి బయటికి తన్నుకొస్తుంది.

ఇప్పుడు నీ ఏడుపు సంగతి. ఖాళీ రోడ్డు మీద మూడు పనులు చేసి చూడు. 60 – 70 మధ్య యాక్సిలరేటర్ నొక్కి, వదిలి, మళ్లీ నొక్కి చూడు. నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా శబ్దం మారితే డిఫరెన్షియల్ అని అనుమానించాలి. అదే స్పీడులో బండిని నెమ్మదిగా ఎడమకీ కుడికీ వంపు తిప్పు, ఒకవైపు వంచినప్పుడు శబ్దం పెరిగి రెండోవైపు వంచితే తగ్గితే అది వీల్ బేరింగ్, సాధారణంగా బరువు పడిన వైపుదే. రోడ్డు మారితే, అంటే కొత్త తారు మీద ఒకలా పాత సిమెంటు రోడ్డు మీద ఒకలా వినిపిస్తే అది టైరు చప్పుడే, దాంతో భయం లేదు. ఈ పరీక్ష కోసం ఊరంతా తిరగక్కర్లేదు, రెండు మూడు కిలోమీటర్లు చాలు. డిఫరెన్షియలే అనిపిస్తే ఆ తర్వాత నడపకు.

శబ్దం ఏదైనా సరే ఆయిలు మాత్రం ఈ వారంలోనే దింపి చూడాలి. వెనక డిఫరెన్షియల్, ముందు డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచే డబ్బా), గేరు బాక్సు నాలుగూ. గుంట ఉన్న షెడ్డుకి వెళ్లు, ఏ హౌసింగ్‌కైనా ముందు పై ఫిల్లర్ ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింద డ్రెయిన్ ప్లగ్గు విప్పించు. కింద దింపేసి పైది బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది, షెడ్లలో ఈ తప్పు జరగడం నేను చాలాసార్లు చూశాను. వచ్చిన ఆయిలుని పాత డబ్బాలోకి పోనివ్వకు, శుభ్రమైన తెల్ల మగ్గులో పట్టు. పాలు కలిపిన టీలా, మజ్జిగలా ఉంటే నీళ్లు కలిసినట్టే. నల్లగా ఉన్నా చిక్కగా, పారదర్శకంగా ఉంటే వయసు అయిపోయిన ఆయిలు మాత్రమే. ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే దానికి అంటిన పొడి వేళ్ల మధ్య రుద్ది చూడు, మెత్తటి బూడిద రంగు పేస్టు మామూలు అరుగుదల, గోరు ముక్కల్లా రేకులు తగిలాయంటే హౌసింగ్ విప్పాల్సిందే.

నీళ్లు కలిశాయి గానీ రేకులు లేవు, ఏడుపు కూడా వేరే చోటిది అని తేలితే ఒకసారి చవక ఆయిలు పోసి 20 – 30 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి, వేడి మీదే దింపేసి, అప్పుడు మంచి ఆయిలు పోయించు. ఒక్కసారి మార్చితే మూలల్లో నిలిచిన తేమ పోదు. ఇంకో జాగ్రత్త, డిఫరెన్షియల్‌లో పోసే జీఎల్-5 ఆయిలునే గేరు బాక్సులో కూడా పోసేస్తుంటారు. అందులో కలిపే రసాయనాలు కొన్ని గేరు బాక్సు లోపలి ఇత్తడి రింగులకి పడవు, గేరు మార్చడం గట్టిగా అవుతుంది. ఒక్కో దానికి మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉందో అదే, షెడ్డులో డ్రమ్ము నిండా ఉన్నది కాదు.

80 దగ్గర వణుకు గురించి పెద్దగా భయపడకు. పదింట ఏడెనిమిది సార్లు రిమ్ము లోపలి అంచుకి అంటుకుని ఎండిపోయిన బురదే కారణం. మన ఏజెన్సీ ఎర్రమట్టి ఎండితే సిమెంటులా పట్టేస్తుంది, వాటర్ సర్వీసింగ్ వాడు బయట నుంచి కొడితే లోపలిది కదలదు. చక్రాలు నాలుగూ విప్పి లోపల గీకించి, బ్యాలెన్సింగ్ చేయించు. అయినా పోకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ఇరుసుకి తిరుగుడు అందించే పొడవాటి రాడ్డు చూడాలి. బండి కింద పడుకుని, చక్రాలకి అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి షాఫ్టుని చేత్తో రెండు వైపులా తిప్పు, షాఫ్టు కీలు, అంటే యూజే క్రాస్ దగ్గర టక్కు టక్కుమని ఆట కనిపించినా, కప్పుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి కనిపించినా ఆ క్రాస్ పోయినట్టే. మధ్యలో ఉండే సెంటర్ బేరింగ్ రబ్బరు కూడా చిరిగిందేమో చూడు. గ్రీజు నిపుల్ ఉన్న చోటల్లా పాత గ్రీజు బయటికొచ్చి కొత్త గ్రీజు రంగు కనిపించేదాకా కొట్టించు. వాగు దాటిన బండికి ఇది కిలోమీటర్ల లెక్క చూసి చేసే పని కాదు, ప్రతి ట్రిప్పుకీ చేయాల్సిందే.

ఒక ప్రశ్న. తిరిగి వచ్చేటప్పుడు రంపచోడవరం దగ్గర తారు రోడ్డెక్కాక డయల్‌ని 4హెచ్ నుంచి 2హెచ్‌కి మార్చావా? 4హెచ్ అంటే నాలుగు చక్రాలూ లాగడం, 2హెచ్ అంటే వెనక రెండే. ఈ బండిలో మధ్య డిఫరెన్షియల్ లేదు. పొడి తారు మీద 4హెచ్‌లో మలుపులు తిప్పితే ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరాల తేడా ఎక్కడా సర్దుకోదు, ఆ బిగువంతా షాఫ్టుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. మర్చిపోయి ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు ఇంకొంచెం శ్రద్ధగా చూడు.

హ్యాండ్ బ్రేకు పట్టకపోవడానికి కారణం వెనక డ్రమ్ములు. ముందు డిస్కులు తమంతట తామే కడుక్కుంటాయి, డ్రమ్ము అలా కాదు, లోపలికి దూరిన బురద బయటికి రాదు. లైనర్లకీ డ్రమ్ముకీ మధ్య ఇసుక కాగితంలా పనిచేసి రెండింటినీ తినేస్తుంది. డ్రమ్ములు ఊడదీయించి, లైనర్లు చూసి, వీల్ సిలిండర్ రబ్బరు కింద తడి ఉందేమో వెతికి, అడ్జస్టర్ స్క్రూ శుభ్రం చేసి కొంచెం గ్రీజు పెట్టి బిగించాలి. చాలామంది డ్రమ్ము విప్పకుండానే హ్యాండ్ బ్రేకు కేబుల్ టైటు చేసి పంపించేస్తారు, ఒప్పుకోకు. ముందు క్యాలిపర్ల పిన్నులు చేత్తో సులువుగా కదులుతున్నాయో లేదో కూడా చూపించుకో, ఒక పిన్ను పట్టేస్తే ఘాటు రోడ్డు దిగేటప్పుడు బండి ఒకవైపుకి లాగుతుంది. బ్రేక్ ఆయిలు తేమని పీల్చుకుంటుంది, ఎప్పుడు మార్చారో తెలియని సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి అది కూడా మార్పించేయ్. ఆ ఘాటు రోడ్డులో వరసగా దిగుడు ఉన్నప్పుడు పెడల్ మెత్తబడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

ముందు చక్రాల దగ్గర సీవీ బూట్లు చూడు, ఇరుసు కీళ్లని కప్పే ఆ అకార్డియన్ మడతల రబ్బరు. ఒక్క చీలిక ఉన్నా రిమ్ము లోపల గ్రీజు చిమ్మి ఉంటుంది. ఇప్పుడే పట్టుకుంటే బూటు, గ్రీజుతో పోతుంది. వదిలేస్తే ఇసుక దూరి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటక మొదలై, చివరికి మొత్తం యాక్సిల్ షాఫ్టు మార్చాలి.

గుడిస గడ్డి కొండల మీద తిరిగావు గనక రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్తాను. ఒకటి, రేడియేటర్‌కీ ఏసీ కండెన్సర్‌కీ మధ్య ఉన్న సందులో గడ్డి గింజలు, బురద కలిసి చాపలా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, టార్చి వేసి పక్క నుంచి చూడాలి. ఎండాకాలంలో ఘాటెక్కుతుంటే టెంపరేచర్ పెరగడం, ఏసీ చల్లబడకపోవడం దీనివల్లే. ప్రెషర్ గన్ పెట్టొద్దు, ఆ పల్చటి రెక్కలు వంగిపోతే గాలి శాశ్వతంగా ఆగిపోతుంది. మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి, ఓపిగ్గా కడగాలి. రెండోది, సైలెన్సర్ పైపు మీదా స్కిడ్ ప్లేట్ లోపలా ఇరుక్కున్న ఎండు గడ్డి. వేడి పైపుకి ఆనుకుని ఉంటే అంటుకుంటుంది. ఇది మాత్రం ఇంటికొచ్చాక కాదు, కొండ దిగకముందే వంగి చూసి తీసేయాల్సిన పని.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి అడుగున నీటి మరక ఉందేమో చూడు. కాగితం ఒక్కసారి తడిసి ఉంటే గాలి కొట్టి వాడొద్దు, మార్చేయ్. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు దింపే మర ఉంటుంది, అదీ ఒకసారి వదులు. ఆల్టర్నేటర్‌లో బురద దూరితే బ్రష్షులు అరిగిపోతాయి, కాబట్టి తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగి ఎండనివ్వాలి.

వెనక కమాను పట్టీల యూ-బోల్టులు బిగింపు చూడటం మర్చిపోకు. బురదలో లాగించినప్పుడు, రాళ్ల మీద ఒరిగినప్పుడు ఇవి వదులవుతాయి, వదులైతే మధ్య బోల్టు తెగి ఇరుసు పక్కకి జరుగుతుంది. బిగించాక ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క ఇనుము మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయించు. తర్వాతి ట్రిప్పు అయ్యాక గీత తప్పిన బోల్టు ఏదో కళ్లతోనే తెలిసిపోతుంది. లాగించినప్పుడు తాడు ఎక్కడ కట్టారు? అక్కడి బ్రాకెట్టు, చాసిస్ వెల్డింగు దగ్గర పెయింటు పగిలిందేమో వేలితో తడిమి చూడు. చాసిస్ గొట్టాల్లో ఉన్న రంధ్రాల్లోంచి పైపు పెట్టి లోపల కూడా నీళ్లు కొట్టించు, తెల్లగా వచ్చేదాకా. బయట ఎంత మెరిసినా లోపల నిలిచిన తడి మట్టే చాసిస్‌ని తింటుంది, అందులోనూ నువ్వు ఉండేది కాకినాడ, ఉప్పు గాలి ఊరు.

ఇదంతా చేయించేసరికి, డిఫరెన్షియల్ బతికి ఉంటే, నా అంచనాలో పాతిక వేల లోపే అవుతుంది. ఈ బండి 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది కాబట్టి ఫిల్టర్లు, సీళ్లు, బూట్లు దొరకడం కష్టం కాదు. కమాను పట్టీలు, షాఫ్టు పనికి గాజువాక ఆటోనగర్ గానీ విజయవాడ ఆటోనగర్ గానీ చాలు.

ఇప్పుడు మిగిలిన డబ్బు. నీ ట్రిప్పులో బండి ఆగింది ఎత్తు చాలక కాదు, పట్టు లేక. అందుకే మొదట టైర్లు. మడ్ టెర్రైన్ వద్దంటాను. నువ్వు 90 శాతం తిరిగేది తారు మీద, వానలో తడిసిన ఘాటు మలుపుల్లో పెద్ద గడుల మడ్ టైరు బ్రేకుకి ఆలస్యంగా ఆగుతుంది. మంచి ఆల్ టెర్రైన్ టైర్లు నాలుగు తీసుకో, స్టెప్నీకి ఉన్నవాటిలో బాగున్నది ఉంచు. సైజు కూడా మార్చకు. నీది 245/70 ఆర్16, దాని ఎత్తు 749 మిల్లీమీటర్లు. అందరూ వేసే 265/70 ఆర్16 ఎత్తు 777. తేడా 28, కానీ ఇరుసు పైకి లేచేది అందులో సగం, 14 మిల్లీమీటర్లే. దానికోసం స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే అసలు దాదాపు 104లో వెళ్తుంటావు, ఎక్కుడులో గేరు బరువవుతుంది, క్లచ్ మీద భారం పెరుగుతుంది.

టైర్లతో పాటు ఒక మంచి కంప్రెసరు, గాలి కొలిచే గేజీ కొనుక్కో. నువ్వు కూరుకుపోయిన చోట గాలి 18 – 20 పీఎస్ఐకి దించి ఉంటే చాలావరకు తనంతట తానే బయటికి వచ్చేది, ఈ మాట నేను నమ్మకంగా చెప్పగలను. తారు ఎక్కగానే మళ్లీ నింపాలి, తక్కువ గాలితో స్పీడుగా వెళ్తే టైరు వేడెక్కి పగులుతుంది.

తర్వాత లాగే సామాను. చాసిస్‌కి సరిగ్గా బోల్టు చేసిన రికవరీ పాయింట్లు ముందొకటి వెనకొకటి, ఒక కైనటిక్ తాడు (సాగే తాడు), రెండు సాఫ్ట్ షాకిళ్లు (తాడు తగిలించే మెత్తటి కొక్కేలు), రెండు ట్రాక్షన్ బోర్డులు (చక్రం కింద పెట్టే పలకలు), ఒక పార. ఎట్టి పరిస్థితిలో ట్రైలర్ తగిలించే టో బాల్‌కి తాడు కట్టి జెర్కు ఇవ్వొద్దు, అది విరిగితే ఫిరంగి గుండులా వెళ్తుంది, అలా మనుషులు చనిపోయారు. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనె పట్టా వేసి, అందరినీ తాడు పొడవుకి రెట్టింపు దూరం జరగమని గట్టిగా చెప్పు, పిల్లలుంటే ఇంకా దూరం.

వించ్ మంచి వస్తువే, నా బండికి ఉంది, కానీ నేను చాలాసార్లు ఒంటరిగా వెళ్తాను. నువ్వు నాలుగు బండ్లతో వెళ్తున్నావు, నీకు ఇప్పుడు అవసరం లేదు. కొంటే బండి లోడుతో కలిపిన బరువుకి ఒకటిన్నర రెట్లు లాగగలది కొనాలి, మూడు టన్నులనుకుంటే 10 వేల పౌండ్ల వించ్. అది పూర్తి లోడులో 400 ఆంపియర్ల దాకా లాగుతుంది, పాత బ్యాటరీ తట్టుకోదు. దాన్ని పెట్టడానికి ఇనుప బంపరు కావాలి, ఆ బరువంతా ముందు స్ప్రింగుల మీద పడుతుంది. పైగా 2017 డిసెంబరులోనే కేంద్రం ఇలా ముందు బిగించే ఇనుప బుల్ బార్‌లు నిషేధించమని రాష్ట్రాలకి రాసింది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. ఫైను ఒక ఎత్తు, క్లెయిము వచ్చినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు దాన్ని పట్టుకుంటే అసలు నష్టం అక్కడ. నీ పాలసీలో ఇంజిన్ ప్రొటెక్షన్ ఉందో లేదో ఇవాళే చూసుకో, లేకపోతే వాగులో ఇంజిన్ నీళ్లు తాగితే మామూలు పాలసీతో చేతికేమీ రాదు.

లిఫ్ట్ కిట్ అంటే బాడీ, చాసిస్ లేస్తాయి గానీ వెనక డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది, రాయి తగిలేది దానికే. ముందు రెండు అంగుళాలు లేపితే సీవీ జాయింట్ల కోణం పెరిగి ఆ బూట్లే ముందు చిరుగుతాయి. పాత షాక్ అబ్జార్బర్లు కారుతుంటే మంచివి వేయించు, అది లిఫ్ట్ కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది. స్నార్కెల్ ఇంజిన్‌ని కాపాడుతుంది, డిఫరెన్షియల్‌ని, ఆల్టర్నేటర్‌ని కాదు. దానికి బదులు కొన్ని వందల రూపాయల పైపుతో వెనక బ్రీథర్‌ని ట్రే అంచు ఎత్తు దాకా పెంచుకో. 2019లో నాకు ఆ పైపు ఉండి ఉంటే సరిపోయేది. లైట్ బార్ అడగనే వద్దు, రాత్రి పూట ఆ దారుల్లో తిరగకపోవడమే మంచిది.

ఈ ఆదివారం లోపు ఆయిళ్లు దింపించి, మగ్గులో ఉన్నది ఏ రంగులో వచ్చిందో, అయస్కాంతం మీద ఏముందో పగటి వెలుగులో ఫోటో తీసి పెట్టు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఏడుపు పెరిగిందా తగ్గిందా అదీ రాయి. హౌసింగ్ విప్పాలో వద్దో అప్పుడు చెప్తాను, అప్పటిదాకా టైర్లకి కూడా అడ్వాన్సు ఇవ్వకు.